శిబిరంలో మూడో రోజు

ఆర్మూర్ దాటాక, నల్లరాళ్ల గుట్టల వెనక కొత్తగా కట్టిన ఆశ్రమం గేటు ముందు ఆటో దిగుతూనే భీమవ్వ పక్కనున్న రాతి మీద కూచుంది. వాళ్ల ఊరు ఏర్గట్ల నుంచి అదేమంత దూరమని కాదు. రావడం ఇష్టం లేక. గేటుకు "కుటుంబ సాధనా శిబిరం, మూడు రోజులు" అని బ్యానరు కట్టారు. దాని కింద బల్ల వేసుకుని తెల్లచీరలో కూచున్న ఉమారాణి అనే కార్యకర్త, వచ్చిన వాళ్లందరికీ మెడలో వేసుకునే కార్డులు రాసిస్తోంది.

"మీరెంతమందమ్మా?"

భీమవ్వ కోడలు స్వర్ణలత జవాబు చెప్పడానికి ఓ క్షణం తడబడింది. "నలుగురం," అంది.

కిందటేడు పసుపు తవ్వే రోజుల దాకా వాళ్లు ఐదుగురు. భీమవ్వ, పెద్దకొడుకు సాయిప్రసాద్, అతని భార్య స్వర్ణలత, చిన్నకొడుకు నరేష్, సాయిప్రసాద్ బిడ్డ అంకిత. అంకిత, నాలుగేళ్లు నిండి ఐదో ఏడు నడుస్తుండగా పోయింది.

శిబిరానికి పోదామని పట్టుబట్టింది స్వర్ణలతే. నెలరోజులుగా ఫోన్‌లో ఆ శిబిరం నడిపే గురూజీ ప్రసంగాలు వింటోంది. ఒకనాడు పొద్దున్నే అత్త ముందు వచ్చి నిలబడింది. "అత్తమ్మా, నరేష్ మీద నాకున్న కోపం నన్నే తింటున్నది. గిట్లయితే నేను బతుక. గురూజీ కాడికి అందరం పోదాం. మాఫ్ జేసుడు ఎట్లనో గాయిన నేర్పిస్తడట," అంది. భీమవ్వ మోకాళ్ల నొప్పులని చెప్పి చూసింది. పొలం దున్నిపించుకునే పని ఉందంది. నరేష్ రాడేమో అని కూడా అంది. నరేష్ వస్తానన్నాడు. ఇక అనడానికేమీ మిగల్లేదు.

ఊరందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. పసుపు ఉడకబెట్టి ఆరబోసిన కళ్లంలో, నరేష్ ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే అన్న కూతురు ట్రాలీ చక్రం కింద పడింది. దవాఖానకు తీసుకుపోయే పనే పడలేదు. పోలీసులకు నరేష్ తన నోటితోనే ఆ మాట చెప్పాడు. అక్కడే ఉన్న భీమవ్వ కూడా అదే చెప్పింది. కేసు అతని మీదే నడుస్తోంది.

అసలు సంగతి మాత్రం ముగ్గురికే తెలుసు. ఆ మధ్యాహ్నం ట్రాక్టరు మీద కూచున్నది నరేష్ కాదు. పిల్ల కన్నతండ్రి సాయిప్రసాద్.

అతను ఆర్మూర్ నుంచి తాగి వచ్చాడు. కళ్లంలో ట్రాలీ అడ్డంగా ఉందని తమ్ముణ్ని కసిరి, తానే ఎక్కి వెనక్కి తీశాడు. నరేష్ ఆ మూల పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర ఉన్నాడు. డ్రమ్ము తిరిగే చప్పుడులో ఎవరి కేకా ఎవరికీ వినబడలేదు. స్వర్ణలత మహిళా సంఘం మీటింగుకు మండలాఫీసుకు పోయింది. భీమవ్వ చాటతో కొమ్ములు చెరుగుతూ తలెత్తి చూసేసరికి అంతా అయిపోయింది.

సాయిప్రసాద్ ట్రాక్టరు దిగి పిల్లను చూశాడు. చూసి, షెడ్డులోకి పరుగెత్తి పురుగుమందు డబ్బా మూత తీశాడు. భీమవ్వ వెంటపడి డబ్బా గుంజి పారేసి, కొడుకును పట్టుకుని కూలబడింది. "అవ్వా, స్వర్ణకు నేనేం మొగం జూపియ్యాలె? నేను సచ్చిపోత," అని తల నేలకేసి కొట్టుకున్నాడు. ఆ కాసేపట్లో భీమవ్వ ఒక లెక్క వేసుకుంది. మనవరాలు పోయింది, ఇక రాదు. ఈ నిజం తెలిస్తే కొడుకు పోతాడు, కోడలు పోతుంది, ఇల్లంతా పోతుంది. చిన్నవాడికి లైసెన్సు ఉంది, తాగి లేడు, పెళ్లి కాలేదు. ఆమె నరేష్ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి అతని రెండు కాళ్లూ పట్టుకుంది.

"నువ్వు తోలినవని చెప్పు బిడ్డా. నీ కాల్మొక్కుత. మీ అన్నను బతికియ్యి."

నరేష్ పిల్ల మీద తన తువ్వాల కప్పుతున్నాడు. తల ఊపాడు. అంతే.

అప్పటి నుంచి స్వర్ణలత అతనికి అన్నం పెట్టలేదు. అతను నడిచిన గడపలో నడిచేది కాదు. అతను పొలం నుంచి వస్తే లేచి లోపలికి పోయేది. ముప్కాల్‌లో ఖాయమైన సంబంధం, పిల్లను తొక్కించినవాడికి మా పిల్లనెట్లా ఇస్తామని తప్పిపోయింది. నరేష్ పశువుల కొట్టం పక్కన రేకుల గదిలో పడుకునేవాడు. భీమవ్వ కంచం అక్కడికే పట్టుకుపోయేది. ఇరవై ఏడేళ్లవాడు ముప్పై ఐదేళ్లవాడిలా అయ్యాడు. సాయిప్రసాద్ తాగుడు మానేశాడు. పొద్దున్నే లేచి స్నానం చేసి బొట్టు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. భార్య ఏడిస్తే పక్కన కూచుని ఓదార్చేవాడు. భీమవ్వ అది చూసి, మంచికే చేశాననుకున్న రోజులూ ఉన్నాయి.

శిబిరంలో మొదటి రోజు మౌనం. నలభై కుటుంబాలు చాపల మీద కూచుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా పొద్దంతా గడపాలి. భీమవ్వకు ఆ రోజు హాయిగానే గడిచింది. మాట్లాడొద్దనే చోటు ఆమెకు బాగా తెలిసిన చోటే.

రెండో రోజు పాదపూజ. పెద్దల్ని కుర్చీల్లో కూచోబెట్టారు. పిల్లలు ఇత్తడి పళ్లెంలో కాళ్లు కడిగి, పసుపు రాసి, పూలు పెట్టాలి. చిన్నపిల్లలు తల్లుల కాళ్ల మీద నీళ్లు పోస్తూ కిలకిల నవ్వుతున్నారు. భీమవ్వ కుడికాలు సాయిప్రసాద్ పట్టుకున్నాడు, ఎడమకాలు నరేష్ పట్టుకున్నాడు. మైకులో గురూజీ, తల్లి చేసిన త్యాగాల గురించి మెల్లగా చెబుతున్నాడు. సాయిప్రసాద్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నరేష్ పసుపు ముద్ద అందుకున్నాడు కాని రాయలేదు. దాని వాసన తగిలి అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నువ్వు రాయకు బిడ్డా. ఉత్త నీళ్లు సాలు," అని వంగి గొణిగింది.

నరేష్ తలెత్తి తల్లిని చూశాడు. ఏడాదిలో అతను ఆమె కళ్లలోకి సూటిగా చూడడం అదే మొదలు. ఆ చూపులో కోపం కూడా లేదు. ఆ లేకపోవడానికే ఆమె భయపడింది.

పూజ అయ్యాక, కుళాయిల దగ్గర పళ్లెం కడుగుతున్న పెద్దకొడుకును భీమవ్వ పక్కకు పిలిచింది.

"సాయీ, రేపు మాఫ్ జేసుకునేది ఉన్నదట. అందరి ముంగట. మనం ఇయ్యాల్నే ఇంటికి పోదాం పా."

"ఎందుకవ్వా? స్వర్ణ గింత ఆశతోని వచ్చింది."

"తమ్ముని మొగం జూసినవా నువ్వు?"

"చూసిన. అందుకే అంటున్న. రేపు ఆమె మాఫ్ జేస్తె వాని బరువు గూడ దిగుతది. మళ్ల సంబంధాలు సూద్దాం." అతను పళ్లెం ఎండలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అయిపోయినదాన్ని తవ్వకవ్వా."

వాని బరువు అన్నాడు. భీమవ్వ ఆ మాట దగ్గరే నిలబడిపోయింది. అతను అబద్ధమాడుతున్నట్టు లేదు. తమ్ముడి మీద నిజంగా జాలిపడుతున్నట్టే ఉంది. ఏడాదిపాటు అందరూ ఒకే మాట అంటూ వస్తే, అతని లోపల ట్రాక్టరు సీటు మీదికి తమ్ముడే ఎక్కేశాడు.

మూడో రోజు భోజనాలకు ముందు, హాలు మధ్యలో దీపం పెట్టి కుటుంబాల్ని ఒక్కొక్కటిగా పిలిచారు. గురూజీకి అరవై దాటి ఉంటాయి. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ బలవంతపెట్టడు. ఒక మామా అల్లుడూ పలకరించుకున్నారు. పదేళ్లుగా మాటల్లేని అక్కాచెల్లెళ్లు కౌగిలించుకుని ఏడ్చారు. హాలంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఉమారాణి కాగితం చూసి, "ఏర్గట్ల, స్వర్ణలతమ్మ కుటుంబం," అని చదివింది.

స్వర్ణలత దీపం ముందు కూచుంది. ఎదురుగా నరేష్‌ను కూచోబెట్టారు. ఆమె మైకు వద్దంది. అయినా హాలు అంత నిశ్శబ్దంగా ఉండడంతో ప్రతి మాటా వినబడింది.

"నరేష్, నీతోని మాట్లాడక ఏడాదయింది. నువ్వు సావాలని దేవునికి మొక్కిన. నిజంగనే మొక్కిన. నువ్వు దింటుంటె, నా బిడ్డ తినలేదు నువ్వెట్ల దింటున్నవని శాపం బెట్టిన." ఆమె దీపం వత్తి ఎగదోసింది. "కాని నువ్వు గావాలని జెయ్యలేదు. దాన్ని భుజాల మీద తిప్పింది నువ్వే. సైకిల్ నేర్పిస్తనన్నది నువ్వే. గది మరిచిపోయిన నేను. నిన్ను మాఫ్ జేస్తున్న. దేవుని సాక్షిగ."

ఆమె చెయ్యి చాపి అతని తల మీద పెట్టింది. ఏడాదిగా అతని నీడ కూడా తగలనివ్వని మనిషి. నరేష్ ముందుకు వంగి, ఆమె పాదాల దగ్గర నేల మీద నుదురు ఆనించాడు. వీపు ఎగిసెగిసి పడుతోంది. చుట్టూ ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

గురూజీ సాయిప్రసాద్ వైపు తిరిగాడు. "నాయనా, మీరు తండ్రి. మీ మనసులో ఏముంటే అది చెప్పండి."

చాప మీద భీమవ్వ ముందుకు జరిగింది. ఇప్పుడు చెబుతాడు. ఇంత చూశాక చెప్పకుండా ఉండలేడు.

సాయిప్రసాద్ కదిలి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. అతని చెంపల మీద నిజమైన కన్నీళ్లే కారుతున్నాయి.

"తమ్మీ, నేను గూడ నిన్ను మాఫ్ జేసిన."

నరేష్ నేల మీంచి తల ఎత్తాడు. అన్న మొహంలోకి చాలాసేపు చూశాడు, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు. భుజం మీది చేతిని నెమ్మదిగా తీసి, అన్న ఒళ్లోనే పెట్టాడు. లేచి, చప్పట్ల మధ్యలో నడుచుకుంటూ, చెప్పుల స్టాండు దాటి, వట్టి కాళ్లతో గేటు బయటికి వెళ్లిపోయాడు. మనసు నిండి వెళ్లాడని అందరూ అనుకున్నారు. గురూజీ కూడా కాసేపు ఒంటరిగా ఉండనివ్వండి అన్నాడు.

భోజనాల దగ్గర స్వర్ణలత అత్త పక్కనే కూచుంది. పప్పు రెండోసారి వేయించుకుంది. మొహం కడిగినట్టు తేటగా ఉంది.

"అత్తమ్మా, నాకు ఆకలైతుంది," అంది ఆశ్చర్యపోతూ. "ఎన్ని దినాలకు ఆకలైంది! ఇంటికి పోయినంక నరేష్‌ను లోపలికే రమ్మందాం. గా రేకుల అర్రల ఎండకు ఉడికిపోతుండు. రేపు వానికి సర్వపిండి జేస్త, అప్పట్ల ఇష్టంగ దినేటోడు."

భీమవ్వ చేతిలోని ముద్ద చేతిలోనే ఉంది. నోరు మూసుకుంటే చాలు. ఏడాది కింద ఆమె వేసిన లెక్క అంతా కలిసొచ్చింది. ఇల్లు నిలబడింది, పెద్దకొడుకు బతికాడు, కోడలు తింటోంది. చిన్నకొడుక్కి మాఫీ దొరికింది. ఇక ఆమె చచ్చిపోయేదాకా మాట్లాడకుండా ఉంటే ఎవరికీ ఏమీ కాదు. వరస అవతల మగవాళ్ల బంతిలో సాయిప్రసాద్ పక్కవాళ్లతో మాట్లాడుతూ మజ్జిగ తాగుతున్నాడు. తల్లి చూస్తోందని గమనించి, అంతా మంచిగైంది అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ చెయ్యి ఊపడం చూశాక భీమవ్వ ముద్దను విస్తట్లో వదిలేసింది.

"స్వర్ణా, చెయ్యి గడుక్కో. నీతోని పనున్నది."

"తిననియ్యి అత్తమ్మా."

"తిన్నంక నీకు చెప్పలేను బిడ్డా. లేవ్."

వంటశాల వెనక గిన్నెలు తోమే బండల దగ్గర, నిలబడే చెప్పింది. ముందూ వెనకా ఏమీ అల్లలేదు. "ఆ దినం ట్రాక్టర్ తోలింది నరేష్ గాదు. నీ మొగడు. తాగి ఉండె. నరేష్ మీద ఏసుకొమ్మని నేనే కాళ్లు వట్టుకున్న."

స్వర్ణలత మొదట నవ్వబోయినట్టు మొహం పెట్టింది. తర్వాత బండ మీద కూచుంది. చాలాసేపు తన కుడిచేతిని చూసుకుంది, ఇంకా కడగని, మెతుకులు అంటుకున్న చేతిని. తర్వాత లోపల తిన్నదంతా అక్కడే కక్కుకుంది. భీమవ్వ పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసింది.

"అంటుకోకు."

కాసేపటికి నోరు కడుక్కుని లేచింది. పరుగెత్తలేదు, అరవలేదు. నేరుగా హాల్లోకి వెళ్లి, కార్యకర్తలతో మాట్లాడుతున్న గురూజీ ముందు నిలబడింది. వెనకే వచ్చిన భీమవ్వను చూపించి, విన్నది విన్నట్టు చెప్పింది. గురూజీ మొహం పాలిపోయింది. సాయిప్రసాద్‌ను పిలిపించాడు. సాయిప్రసాద్ రావడం రావడమే తల్లి మొహం చూసి గ్రహించాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. కాదని అనలేదు.

"అమ్మా," అన్నాడు గురూజీ చివరికి, "ఇది చాలా పెద్ద గాయం. తొందరపడకండి. ఇంటికి వెళ్లి, శాంతంగా, నాలుగు గోడల మధ్య..."

"నాలుగు గోడల మధ్యల్నే ఉంచిండ్రు గురూజీ, ఏడాది సంది," అంది స్వర్ణలత. "గా ఒక్క మాట కూడబెట్టుకునేటందుకు నాకు ఏడాది పట్టింది. నా కాడ గదొక్కటే ఉండె. గది మీ దీపం ముంగట తప్పు మనిషికి ఇచ్చిన. ఇంకొకటి ఏడికెల్లి తేవాలె?"

గురూజీ తల దించుకున్నాడు. స్వర్ణలత మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఫోన్ తీసుకుని, ముప్కాల్‌లోని తమ్ముడికి రమ్మని చెప్పింది. భర్త దగ్గరికి వచ్చి "స్వర్ణా" అంటే, అతని పక్క నుంచి, ఖాళీ జాగాలోంచి నడిచినట్టు నడిచిపోయింది.

భీమవ్వ ఒక్కతే నరేష్‌ను వెతుక్కుంటూ ఆర్మూర్ బస్టాండుకు వచ్చింది. ఎండలో తారు మెత్తబడింది. నరేష్ నిజామాబాద్ బస్సులు ఆగే చోట సిమెంటు బెంచీ మీద ఉన్నాడు. అరికాళ్లు పొక్కులెక్కాయి.

"చెప్పేసిన బిడ్డా," అంది అతని పక్కన కూలబడి. "అంత చెప్పేసిన స్వర్ణకు. ఇగ నీ మీద ఏం లేదు."

అతను సంతోషిస్తాడని కాకపోయినా, కనీసం ఏడుస్తాడని ఆమె అనుకుంది. నరేష్ తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు జెప్పినవే అవ్వా?"

"నువ్వు గట్ల లేచి పోతె..."

"అన్న మాట వినలేక లేచిన. వదినె మాటకు గాదు." అతను తన పాదాల్నే చూస్తున్నాడు. "ఆ దినం మీటింగుకు పోయేటప్పుడు వదినె పాపను నాకే అప్పజెప్పింది. జర సూడు నరేష్ అన్నది. నేను డ్రమ్ము కాడ ఫోన్ సూస్కుంట నిలవడ్డ. నువ్వు కాళ్లు వట్టుకున్నవని ఒప్పుకున్ననా? నాది గూడ ఉన్నదని ఒప్పుకున్న. ఇయ్యాల ఆమె నా తల మీద చెయ్యి వెట్టింది. గది నాకు తాకింది అవ్వా. నాకు గది సాలు. గది గూడ లేకుంట జేసినవ్."

భీమవ్వ ఏడాదంతా ఈ కొడుకుని అన్యాయంగా బలిపెట్టానని కుమిలింది. అతని మనసులో ఏముందో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడగడానికీ ఏమీ మిగల్లేదు. నిజామాబాద్ బస్సు వచ్చింది. నరేష్ లేచాడు. తల్లి తన చెప్పులు విడిచి ముందుకు తోసింది. ఆడవాళ్ల చెప్పులు, చిన్నవి. అతను వాటిని ఆమె కాళ్ల దగ్గరికే జరిపి బస్సెక్కాడు. తర్వాత వరంగల్ దిక్కున కోతమిషన్ల మీద డ్రైవరుగా ఉన్నాడని కబురొచ్చింది. కేసు వాయిదాలకు వచ్చి పోయేవాడు. ఇంటికి మాత్రం రాలేదు.

స్వర్ణలత వకీలును పెట్టి పోలీసులకు మళ్లీ దరఖాస్తు ఇచ్చింది. చూసిన మనిషి చెబితేనే నిలుస్తుందన్నారు. చూసిన మనిషి భీమవ్వ. బంధువులు వచ్చి, బిడ్డ ఎట్లాగూ రాదు, ఉన్న కొడుకును జైలుకు పంపుతావా అని నచ్చజెప్పారు. ఆమె అందరికీ చాయ్ పోసి పంపించింది. వానలు తగ్గుముఖం పట్టాక, ఆర్మూర్ కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబడి, చూసింది చూసినట్టు చెప్పింది. తాను ముందు చెప్పింది అబద్ధమని కూడా చెప్పింది. పోలీసులకు అబద్ధం చెప్పినందుకు నీకూ శిక్ష పడొచ్చని తెలుసా అంటే, తెలుసు సార్ అంది.

బయట వేపచెట్టు కింద స్వర్ణలత తమ్ముడితో నిలబడి ఉంది. భీమవ్వ అటు రెండడుగులు వేసింది. స్వర్ణలత ఆమెను చూసింది. మొహం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. తమ్ముడు బండి స్టార్ట్ చేస్తే ఎక్కి వెళ్లిపోయింది. వాయిదాకు వచ్చిన నరేష్ అప్పటికే వెళ్లిపోయాడు.

మిగిలింది సాయిప్రసాద్. కేసు తన మీదికి మారడంతో బెయిలు కాగితాల మీద సంతకం చేసి మెట్లు దిగాడు. గడ్డం పెరిగింది, బొట్టు లేదు. తల్లికి నాలుగడుగుల దూరంలో నడిచాడు. ఇద్దరూ బస్టాండుకు వచ్చారు. ఏర్గట్ల బస్సులో వేరేచోట సీట్లు లేక, ఒకే సీటులో కిటికీ పక్కన ఆమె, ఇవతల అతను కూచున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బస్సు ఆర్మూర్ దాటాక కండక్టర్ వచ్చాడు. భీమవ్వ ఆధార్ కార్డు చూపించింది. అతను ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు చించి ఇచ్చి, పక్కన తల వంచుకుని కూచున్న మనిషి వైపు చూశాడు.

"ఈయిన నీ ఎంబడేనా అవ్వా?"

భీమవ్వ కిటికీలోంచి చూసింది. బయట చేలల్లో పసుపు మోకాలెత్తు ఎదిగి ఉంది.

"ఔ," అంది. "నా కొడుకే."